కాలికి కట్టిన కాప్పు

నూలు పేనేటప్పుడు మీనాక్షమ్మ ఎవరితోనూ మాట్లాడదు. వరండాలో కాళ్ళు చాపుకొని, చీర మోకాలి దాకా జరుపుకొని, మూడు పోగులు కలిపి పిక్క మీద పెట్టి అరచేత్తో ఒక్క తోపు తోస్తుంది. దారం గిర్రున మెలి తిరుగుతుంది. మెలి విడిపోకుండా కొసలు పంటితో పట్టుకొని, పసుపు కలిపిన నీళ్ళలో ముంచి, దండెం మీద ఆరేస్తుంది. ఆమె పేనిన దారం ఎద్దు లాగినా తెగదని ఊళ్ళో పేరు. మారియమ్మ తిరునాళ్ళలో ఊరందరి చేతులకూ కట్టే కాప్పులు నాయుడింటి దారంతోనే కట్టాలి. అది తాతల నాటి హక్కు. ఆ హక్కును ఆ ఇంటివాళ్ళు ఎంత గట్టిగా పట్టుకున్నారంటే, ధర్మపురి అంగడిలో పసుపు దారం ఉండలు ఉండలుగా దొరుకుతున్నా ఈ ముసలామె పిక్క ఇంకా ఎర్రగా కందుతూనే ఉంది.

కాప్పు అంటే కంకణమే. పసుపు దారానికి పసుపు కొమ్మూ వేపాకూ ముడేసి కుడి మణికట్టుకు కట్టే రక్ష. తిరునాళ్ళు మొదలయ్యే రోజు ముందు పూసారికి, అంటే గుడి పూజారికి, ఆ తర్వాత నాయుడింటి మగవాడికి కడతారు. వారం గడిచాక రెండో కాప్పు, అది ఊరందరికీ. మొదటి కాప్పు కట్టుకున్నవాడు అమ్మవారి మనిషి కిందే లెక్క. చెప్పులు వేసుకోడు, మంచమెక్కడు, చావింటికి పోడు. అన్నిటికంటే ముఖ్యం, కాప్పు విప్పేదాకా ఊరి పొలిమేర దాటడు.

తండ్రి పోయిన ఏడాది కాలం చేయడంతో ఈసారి ఆ కాప్పు మీనాక్షమ్మ కొడుకు లోకనాథన్‌కు వచ్చింది. తమిళనాడులో పాపారపట్టికి ఆనుకొని ఉన్న ఆ ఊళ్ళో అతనికి రెండెకరాల మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు, సరుకు వేసుకుపోయే చిన్న బండి ఉన్నాయి. ఆ బండిని అక్కడ అందరూ చిన్నయానై అంటారు. మంగళవారం పొద్దున కొత్త పంచె కట్టి గుడి ముందు పీట మీద కూర్చున్న మొగుణ్ణి చూసి, పెళ్ళినాడు కూడా ఇంత బిగుసుకొని కూర్చోలేదని జయప్రియ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. పూసారి చిన్నకణ్ణు దారం చుట్టి ముడి వేస్తుంటే లోకనాథన్ గుండెలు నిజంగానే పొంగాయి. ఊరంతా తన చేతినే చూస్తున్నట్టు అనిపించింది.

డప్పు కొడుతున్నవాడు ఊరవతల దళితుల కాలనీలోని అయ్యనార్. డప్పు కొట్టేవాడికీ ఆ రోజే కాప్పు ఉంటుంది, కానీ ఎవరూ కట్టరు. గుడికి ఎడంగా ఒక రాయి ఉంది. దాని మీద తట్టలో దారం పెడతారు. రెండో కాప్పు నాడు కాలనీ వాళ్ళందరికీ కూడా అంతే, రాయి మీద తట్ట. అయ్యనార్ డప్పు చంకకు జరుపుకొని, తట్టలోంచి దారం తీసుకొని, ఒక కొస పళ్ళతో పట్టుకొని ఎడమ చేత్తో తనే ముడేసుకున్నాడు. ముడి రెండుసార్లు జారింది. చూస్తున్నవాళ్ళు ఎవరూ దాన్ని చూడలేదు. లోకనాథన్ చూశాడు గానీ, చిన్నప్పటినుంచి చూస్తున్నదే కాబట్టి అదీ తిరునాళ్ళలో ఒక భాగం అనుకొని ఊరుకున్నాడు.

మర్నాడు బుధవారం. పురుగులు ఆఖరి ఆకలి మీదున్నాయి. నాలుగో జ్వరం, అంటే నాలుగో కుబుసం దాటి లేచిన పట్టుపురుగు తిండికి అంతుండదు. షెడ్డులో అడుగు పెడితే రేకుల మీద వాన పడుతున్నట్టు ఒకటే నమిలే చప్పుడు. సాయంత్రానికి పండిన పురుగులను, అవి గూడు కట్టుకునే వెదురు చంద్రికల మీదికి ఏరాలి. ఈలోగా వాటికి ఆకు తక్కువైతే గూడు పలచబడుతుంది. అందుకే తెల్లవారకముందే అయ్యనార్ పెళ్ళాం సెల్వరాణి తోటలో దిగి కొమ్మ కోస్తోంది. ఆ షెడ్డులో ఆమె చేయి పడని పని లేదు. రెట్ట తీసేది, సున్నం చల్లేది, ఆకు పరిచేది అన్నీ ఆమే. లోకనాథన్ ఆమెతో ఇంటి తెలుగులోనే మాట్లాడతాడు. ఊరంతా అరవం మాట్లాడే చోట, నాయుళ్ళ వీధిలోనూ కాలనీలోనూ పొయ్యి దగ్గర వినిపించే భాష ఒకటే.

తోటలోంచి కేక వినిపించింది. కొమ్మల మోపు వదిలేసి సెల్వరాణి కుంటుకుంటూ గట్టుమీదికి వచ్చి కూలబడింది.

"సామీ, కణ్ణాడి విరియన్. బుస కొట్టింది, నేను ఏదో అనుకొన్నా. చిటికెనేలు కాడ పట్టేసింది."

రక్తపింజరిని అక్కడ కణ్ణాడి విరియన్ అంటారు. పాదం మీద రెండు గాట్లు, వాటిలోంచి రక్తం ఆగకుండా కారుతోంది. మిగిలిన కూలీలు ఆమెను మోసుకొచ్చి షెడ్డు వాకిట్లో పడుకోబెట్టారు. కబురు అంది అయ్యనార్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. వచ్చీ రాగానే పెళ్ళాం కాలు చూశాడు, తర్వాత చిన్నయానైని చూశాడు.

"సామీ, బండి తియ్యండి. సీక్రంగా ధర్మపురి ఆస్పత్రికి ఏసుకోని పోదాం."

లోకనాథన్ చేయి జేబులోకి పోయింది. తాళం చేతికి తగిలింది కూడా. అప్పుడు మణికట్టు మీద పసుపు దారం కంటపడింది.

"కాప్పు కట్టుకోనుండాను గదరా. ఎల్లై ఎట్ల దాటేది?"

అయ్యనార్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత తన కుడి చేయి పైకెత్తి చూపించాడు. "నాకూ ఉండాది గదా సామీ. నేను దాటుతా ఉండానే."

"నీది వేరే, నాది వేరే. ఇంటికి మొదటి కాప్పురా ఇది. ఊరికే ఏదన్నా అయితే ఎవురు జవాబు చెప్పేది?"

ఆ మాటకు ఎవరూ అడ్డు చెప్పలేదు. బండి నడపడం వచ్చిన ఇంకొకతను టమాటా లోడు వేసుకొని పాలక్కోడు పోయి ఉన్నాడు. ఎవరో ఆంబులెన్సుకు ఫోను చేశారు. దగ్గరున్న బండి ఇంకో కేసు మీద పోయిందని, పెన్నాగరం వైపునుంచి వస్తుందని చెప్పారు. సెల్వరాణికి వాంతులు మొదలయ్యాయి. మోటారు సైకిలు మీద కూర్చోబెడదామని లేపితే తల వాల్చేసింది.

అందరూ అలా చూస్తూ నిలబడి ఉంటే లోకనాథన్‌కు కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదో ఒకటి చేయాలి, చేసినట్టు కనబడాలి. ఉన్నట్టుండి తోచింది. ఒక్క పరుగున ఇంటికి పోయి, దండెం మీద ఆరేసిన కాప్పు దారంలోంచి బారెడు తెంపుకొచ్చాడు.

"అమ్మవారి దారం ఇది. కడితే విషం పైకెక్కదు."

చెప్పి, దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చొని, సెల్వరాణి పాదం ఎత్తి తన తొడ మీద పెట్టుకున్నాడు. చీలమండకు పైన మూడు చుట్లు చుట్టి, కాలు అదిమిపట్టి, బలం కొద్దీ బిగించి ముడేశాడు. దారం చర్మంలోకి దిగింది.

"నొప్పి సామీ, రవ్వంత వదులు చెయ్యండి" అంది సెల్వరాణి.

"ఓర్చుకోమ్మే. బిగువుగా ఉంటేనే ఆగేది."

చుట్టూ ఉన్నవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నాయుడు కాలనీ మనిషి కాలు తొడ మీద పెట్టుకోవడం, అందులోనూ కాప్పు కట్టుకున్న చేతులతో పట్టుకోవడం వాళ్ళు కలలో కూడా అనుకోనిది. ఎవరో ముసలాయన "దొడ్డ మనసు" అన్నాడు. ఆ మాట లోకనాథన్ చెవిన పడింది. బండి తీయలేదన్న ఇబ్బంది అంతటితో దిగిపోయినట్టయింది. పొద్దెక్కాక ఆంబులెన్సు వచ్చింది. పెళ్ళాం పక్కన అయ్యనార్ ఎక్కి కూర్చున్నాడు. అతను కాప్పుతోనే పొలిమేర దాటిపోయాడని ఒక్కరూ అనలేదు. పళ్ళతో ముడేసుకున్న కాప్పును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

బండి దుమ్ము అణగకముందే లోకనాథన్ తోటలోకి పోయి, సెల్వరాణి వదిలేసిన కొమ్మల మోపు భుజాన వేసుకొచ్చి పురుగులకు పరిచాడు. అవి ఆకలి మీదున్నాయి కదా.

ఆ సాయంత్రం పురుగులు పండాయి. ఒళ్ళు అద్దంలా అయిన పురుగులను ఏరి చంద్రికల మీద వేస్తుంటే, అవి తల ఊపుకుంటూ మొదటి పోగులు తీయసాగాయి. సెల్వరాణి లేకపోవడంతో జయప్రియ, మీనాక్షమ్మ కూడా దిగాల్సి వచ్చింది. గురువారం అయ్యనార్ ఫోను చేసి, మందు ఎక్కిస్తున్నారు, కళ్ళు తెరిచింది అన్నాడు. శుక్రవారం, ప్రాణానికి ఇంక భయం లేదన్నారని చెప్పాడు.

అంతే, ఊరు ఊరంతా ఒకటే మాట. రక్తపింజరి కాటేసి మనిషి బతకడమా? అది దారం మహిమ. నాయుడు చేతి మహిమ. టీ అంగడి దగ్గర లోకనాథన్‌కు జనం పక్కకు జరిగి చోటిచ్చారు. పూసారి చిన్నకణ్ణు అతనికి వరసకు మామ. ఆయన గుడి అరుగు మీద కూర్చొని తల ఆడిస్తూ, "అమ్మ తన దారాన్ని ఆ బిడ్డ కాలికి కట్టించుకొనింది. ఇంక వాళ్ళకు తట్టలో పెట్టేది ఏమిటికి? ఈసారి రెండో కాప్పు నేనే వాళ్ళ చేతులకు కడతా" అన్నాడు. నాయుళ్ళ వీధిలో ఒకరిద్దరు గొణిగారు గానీ, అమ్మవారి మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఎవరికుంది? లోకనాథన్‌కు ఆ రెండు రోజులూ నేల మీద కాళ్ళు నిలవలేదు. అద్దం ముందు మీసం కూడా దువ్వుకున్నాడు.

ఆదివారం చంద్రికల నుంచి గూళ్ళు ఏరి చూస్తే గట్టిగా, తెల్లగా దిగాయి. మర్నాడే ధర్మపురి పట్టుగూళ్ళ అంగడికి చేర్చాలి. ఆలస్యమైతే లోపలి పురుగు చిలకై గూడు తొలుచుకొని బయటికి వచ్చేస్తుంది, ఇంక దాన్ని కొనేవాడుండడు. కాప్పు చూసుకుంటే దిగులేసింది. పూసారి దగ్గరికి పోయి తల గోక్కుంటూ అడిగాడు.

చిన్నకణ్ణు నవ్వాడు. "దానికేముంది లోకూ? గుడి ముందర అమ్మవారి కొయ్య కంబం నాటిండాము గదా. కాప్పు విప్పి కంబానికి కట్టేసి పో. నువ్వు వచ్చేదాకా అమ్మే మోస్తాది. వచ్చి మళ్ళీ కట్టుకో."

"అట్లా చేయచ్చా మామా?"

"ఏమిటికి చేయకూడదు? మీ నాయిన ఎన్నితూర్లు కట్టలే. ఆవు ఈనలేక అల్లాడితే డాక్టరును పిల్చకరావడానికి కట్టేసి పోలేదా?"

లోకనాథన్ మణికట్టు మీది ముడిని పట్టుకున్నాడు. "మొన్న చెప్పిండచ్చు గదా మామా."

"మొన్న నువ్వు అడగలే గదప్పా" అన్నాడు చిన్నకణ్ణు. ఆయన మనసులో ఏ వంకరా లేదు. దీపంలో నూనె పోసుకుంటూ మామూలుగానే అన్నాడు.

అడగలేదు. షెడ్డు దగ్గర నిలబడి కేకేస్తే గుడిలో వినబడుతుంది. ఒక్క కేక వేయలేదు. ఎందుకు వేయలేదో లోకనాథన్‌కు తెలియకపోలేదు. వాంతులు చేసుకుంటున్న కాలనీ మనిషిని పక్క సీట్లో కూర్చోబెట్టుకొని, కాప్పు కట్టిన మర్నాడే ఊరి నడుమనుంచి బండి తోలుకుపోవడం అతనికి ఇష్టం లేకపోయింది. అందుకే ఆ క్షణాన చేతికి దారం ఉన్నందుకు లోలోపల హాయిగా అనిపించింది. ఆ హాయి ఇప్పుడు గుర్తొచ్చి, పూసారి ముందు తలెత్తలేక, గుడి అరుగు దిగి గబగబా ఇంటికి నడిచాడు.

సోమవారం పొద్దున్నే కాప్పు కంబానికి కట్టి, గూళ్ళు వేసుకొని ధర్మపురి పోయాడు. అంగడిలో అతని గూళ్ళు చూసి కొనేవాళ్ళు మెచ్చుకున్నారు. గుప్పెడు తీసి చెవి దగ్గర ఆడించి, ఎవరు పెంచారని అడిగారు. నేనే అన్నాడు. అన్నాక ఆ మాట నోట్లో చేదుగా తగిలింది. అక్కడనుంచి నేరుగా ఇంటికి పోదామనే బయల్దేరాడు గానీ, బండి పెద్దాస్పత్రి వైపు తిరిగింది.

ఆడవాళ్ళ వార్డు కిటికీలోంచి సెల్వరాణి కనబడింది. నిద్రపోతోంది. కుడి పాదానికి ఇంత లావు కట్టు. ఆ కట్టు ముందు భాగం మొద్దుగా, ఉండాల్సినదానికంటే పొట్టిగా ఉంది. అయ్యనార్ మంచం కింద సిమెంటు నేల మీద కండువా పరుచుకొని ముడుచుకు పడుకున్నాడు. లోకనాథన్ లోపలికి పోలేక గుమ్మం దగ్గరే తచ్చాడుతుంటే డ్యూటీ డాక్టరమ్మ ఆగి, పేషెంటుకు ఏమవుతారని అరవంలో అడిగింది. ఒకే ఊరు అన్నాడు.

"అయితే మీ ఊళ్ళో చెప్పండి" అని ఆమె మొదలుపెట్టింది. చిన్న వయసు మనిషి, బాగా అలిసిపోయి ఉంది. విషానికి మందిచ్చాం, విషం దిగింది. కానీ కాలికి ఎవరో దారం కట్టి ఉంచారు. పాదం వాచేకొద్దీ ఆ దారం లోపలికి కోసుకుపోయింది, వేళ్ళకు రక్తం పోకుండా ఆపేసింది. నల్లబడిపోయాయి. నిన్న మూడు వేళ్ళు తీసేశాం. కట్టకుండా ఊరికే తీసుకొచ్చి ఉంటే, అదీ ఇంకాస్త ముందు తెచ్చి ఉంటే, వేళ్ళు నిలిచేవేమో.

"ఎవరు కట్టారని అడిగితే ఆమె మొగుడే నేను కట్టానన్నాడు. నాకు కోపం ఆగలేదు. ఇంత మూర్ఖం ఏమిటని అందరి ముందూ తిట్టేశాను. పాపం, తల వంచుకొని నిలబడ్డాడు."

లోకనాథన్ నోరు తెరిచాడు. చెప్పాల్సిన మాట చాలా చిన్నది. కట్టింది నేనమ్మా అంటే సరిపోతుంది. డాక్టరమ్మ అతని ముఖంలోకి చూస్తోంది. అతను కాప్పు లేని మణికట్టు మీదికి చొక్కా చేతిని లాక్కొని, "సరిమ్మా, ఊళ్ళో చెప్తాను" అన్నాడు. అని, మెట్లు దిగిపోయాడు. బండిలో కూర్చున్నాక తాళం తిప్పడానికి చేయి రాలేదు. తల కొట్టేసినట్టుంది. కొట్టేసినా బాగుండు, ఈ తల మోసుకొని ఊళ్ళోకి పోవాలి కదా అనిపించింది.

మంగళవారం రెండో కాప్పు. రాయి ఖాళీగా ఉంది, తట్ట లేదు. కాలనీ వాళ్ళు స్నానాలు చేసి తల తడితోనే వచ్చి గుడి ముందు వరసగా నిలబడ్డారు. చేతులు ఎలా చాపాలో వాళ్ళకు తెలియలేదు. కొందరు దోసిలి పట్టారు. "దోసిలి కాదు, చెయ్యి, చెయ్యి చాపండి" అని చిన్నకణ్ణు చెప్పాల్సి వచ్చింది. మొదటి కాప్పు మనిషి కాబట్టి లోకనాథన్ పక్కన నిలబడి ఒక్కొక్క దారమే అందిస్తున్నాడు. అయ్యనార్ తల్లి పొన్ని వంతు వచ్చింది. పూసారి వేళ్ళు తన మణికట్టుకు తగలగానే ముసలమ్మ ఉలిక్కిపడి చేయి వెనక్కు తీసుకోబోయింది. తర్వాత అలాగే ఉంచి, ముడి పడేదాకా ఊపిరి బిగబట్టి, పడ్డాక భోరుమంది. ఏడుస్తూనే లోకనాథన్ వైపు తిరిగి వంగి దండం పెట్టింది.

"మా కోడల్ని మాకిచ్చినావు సామీ."

ఆమెకు వేళ్ళ సంగతి తెలుసు. విషమే వాటిని తినేసిందనుకుంటోంది. అక్కడే, ఆ నిమిషానే చెప్పేయాలని లోకనాథన్‌కు ఒళ్ళంతా ఉడికింది. తర్వాతి మనిషికి దారం అందించాడు.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చొని ముద్ద ఎత్తలేకపోయాడు. జయప్రియ గుచ్చి గుచ్చి అడిగితే మొత్తం చెప్పాడు. పూసారిని అడగకపోవడం, డాక్టరమ్మ మాట, అయ్యనార్ తిన్న తిట్లు, ఏదీ దాచలేదు. ఆమె అంతా విన్నది. ఓదారుస్తుందేమోనని అతను చూశాడు. ఓదార్చలేదు.

"శుక్రవారం కాప్పు విప్పేటప్పుడు అందరి ముందరా చెప్పేస్తా" అన్నాడు.

"చెప్పేదుంటే మొదట ఆ యమ్మకు చెప్పండి. వేళ్ళు పోయింది ఊరికి కాదు గదా" అని జయప్రియ కంచం తీసేసింది.

గురువారం తిరునాళ్ళ సందడి మంచి ఊపు మీదుండగా లోకనాథన్ మళ్ళీ కాప్పు విప్పి కంబానికి కట్టాడు. ఎందుకని చిన్నకణ్ణు అడిగితే, ఆస్పత్రికి అన్నాడు. ఆ మాట గట్టిగానే అన్నాడు. అన్నందుకు కాస్త గర్వపడి, గర్వపడినందుకు మళ్ళీ సిగ్గుపడ్డాడు.

అతన్ని చూడగానే అయ్యనార్ గబుక్కున లేచి స్టూలు జరిపాడు. లోకనాథన్ కూర్చోలేదు. సెల్వరాణి దిండుకు ఆనుకొని కూర్చొని ఉంది. ముఖం పీక్కుపోయింది, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు అనేశాడు.

"సెల్వరాణీ, నేను కట్టిన దారం వల్లనే నీ వేళ్ళు పోయినాయి."

"తెలుసు సామీ. కోసేదానికి ముందే డాక్టరమ్మ చెప్పింది."

"మరి నువ్వు కట్టినావని ఏమిటికి చెప్పినావురా?" అని అయ్యనార్ వైపు తిరిగాడు.

అయ్యనార్ నేల చూపులు చూశాడు. "మీ పేరు చెప్తే మిమ్మల్ని పిలిపిస్తారో ఏమో అనుకొన్నా. నేనైతే నాలుగు తిట్లు తిని ఊరుకుంటా. మాకు అలవాటే గదా సామీ."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండునని లోకనాథన్‌కు అనిపించింది. "ఇంకో మాట. ఆ పొద్దు నేను పూసారిని అడిగుంటే కాప్పు కంబానికి కట్టి రావచ్చు. అడగలే. అడగాలనిపించలే. రేపు అందరి ముందరా ఇదంతా చెప్పేస్తా. బండి తియ్యంది, దారం కట్టింది, ఏదీ దాచను" అన్నాడు.

సెల్వరాణి దిండు మీదనుంచి ముందుకు వంగింది. "వద్దు సామీ."

"ఏమిటికి వద్దు? తప్పు నాది."

"తప్పు మీదే. ఎవురు కాదన్నారు?" ఆమె గొంతు తగ్గించింది. "మంగళవారం మా అత్త చేతికి పూసారి తన చేత్తో కట్టినాడంట గదా. ఫోన్లో ఆ చెయ్యి చూపిచ్చి చూపిచ్చి ఏడ్చింది. దారం కడిగితే ఎక్కడ పోతుందోనని ఆ చేత్తో నీళ్ళు ముట్టడం లేదంట. మా మామ చచ్చేదాకా పండ్లతోనే ముడేసుకున్నాడు సామీ. అమ్మ దారం నన్ను బతికిచ్చిందని అనుకొన్నారు కాబట్టే గదా తట్ట తీసేసినారు. మీరు పోయి, ఆ దారమే కాలు తినేసింది అనండి. ఆ పొద్దే తట్ట మళ్ళీ రాయి మీదికొస్తాది."

"అది అబద్ధం గదమ్మే."

"అబద్ధమే. ఆ అబద్ధానికి నా వేళ్ళు పోయినాయి. మీవి పోలే." సెల్వరాణి దుప్పటి అంచు వేళ్ళ మధ్య నలిపింది. "చెప్పేస్తే మీ గుండె తేలికైపోతాది. నలుగురూ, నాయుడు ఎంత నిజాయితీ మనిషి అని ఇంకోతూరి మెచ్చుకుంటారు. మాకేం మిగిల్తాది సామీ?"

చెప్పేయాలన్న తన ఆరాటంలో ఆ మెచ్చుకోలు మీద ఆశ కూడా ఉందని ఆమె నోట విన్నాకే లోకనాథన్‌కు తెలిసింది. చెవుల దాకా వేడెక్కింది. ఇంతకంటే ఆమె చెంప మీద కొట్టినా నయం.

"అయితే నన్నేం చెయ్యమంటావు?" అన్నాడు, దాదాపు బతిమాలుతున్నట్టు.

"ఏమీ వద్దు. మనసులోనే పెట్టుకోండి. ఇంకెవురినన్నా పాము కరిస్తే దారం జోలికి పోవద్దండి. బండి తియ్యండి."

పక్క మంచం దగ్గర కూర్చున్న ఒకామె అప్పటిదాకా వాళ్ళ తెలుగు అర్థం కాక చూస్తోంది. ఎవరాయన, బంధువా అని సెల్వరాణిని అరవంలో అడిగింది. సెల్వరాణి మళ్ళీ దిండుకు ఆనుకుంది. ఆ వార్డులో పాపారపట్టి వైపు వాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ళందరికీ వినబడేలా అరవంలో గట్టిగా చెప్పింది.

"మా ఊరి నాయుడు. అమ్మవారి దారం కట్టి నా ప్రాణం నిలబెట్టింది ఈయనే."

నాలుగు మంచాల వాళ్ళూ ఇటు తిరిగారు. అడిగినామె లేచి నిలబడి, రెండు చేతులూ జోడించింది. ఇంకెవరో "పుణ్యాత్ముడు" అన్నారు. లోకనాథన్ గుమ్మం వైపు చూశాడు. ఆ రోజు మెట్లు దిగిపోయినట్టు ఇప్పుడు దిగిపోవడానికి లేదు. సెల్వరాణి అతన్నే చూస్తోంది. అతను కూడా చేతులు జోడించాడు.

"నిలబడే ఉండారే సామీ, కూచోండి" అంది ఆమె.

అయ్యనార్ భుజం మీది కండువా తీసి స్టూలు తుడిచాడు. లోకనాథన్ తల వంచుకొని దాని మీద కూర్చున్నాడు.